పాత కోడ్‌కు పూడికతీత

సిద్దిపేటలో ఐటీ టవర్ తెరిచింది 2023లో. అక్కడి కుర్రాళ్లకు చేయి తిరగాలంటే దుమ్ము పట్టిన ఓపెన్ సోర్స్ కోడ్ బోలెడుంది.

ఒకే పత్రాన్ని పదిమంది ఒకేసారి దిద్దుకునే సాఫ్ట్‌వేర్‌నే తీసుకోండి. 2009 మేలో ఆర్భాటంగా ప్రకటించిన వేవ్‌ను గూగుల్ మరుసటేడు ఆగస్టులోనే వదిలేసింది. కోడ్ అపాచీ ఫౌండేషన్‌కు చేరినా, పట్టించుకునేవాళ్లు కరువై 2018లో అటకెక్కింది. అలాంటిదే అయిన ఈథర్‌ప్యాడ్ అదృష్టం వేరు. 2009 డిసెంబర్‌లో గూగుల్ దాన్ని కొని మూసేయబోతే వాడుకరులు గోల చేశారు, కోడ్ బయటికొచ్చింది. తర్వాత దాన్ని నోడ్ జేఎస్‌లో మళ్లీ మొదటి నుంచి రాశారు. చెరువు నిండాలంటే కట్టకు రంగులేస్తే చాలదు కదా!

ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లో అసలు చిక్కు చూడండి. ఇద్దరు మన సిద్దిపేట పేరే దిద్దుతున్నారు. ఒకరు 'ద్ది'ని 'ద్ధి' చేస్తుంటే, అదే క్షణంలో మరొకరు ముందు 'మా' చేర్చారు. దిద్దాల్సిన చోటు కాస్తా పక్కకు జరిగింది. ఆ లెక్క ప్రతి తెర మీదా సరిపోవాలి. పైగా మనకు ఒక్క అక్షరంగా కనిపించే 'ద్ది' యూనికోడ్‌లో నాలుగు సంకేతాలు. మధ్యలో తెగిందా, పొల్లు మిగులుతుంది. ఇంగ్లీషులో టైపు చేసేవారికి ఈ తలనొప్పి తెలియదు.

హైదరాబాద్ వెళ్లి కొనుక్కొచ్చే ఫైనలియర్ ప్రాజెక్టులకు బదులు, మన కళాశాలలు ఇలాంటి కోడ్‌ను తెలుగు టైపింగ్‌తో పరీక్షించి, దొరికిన తప్పుల్ని నిర్వాహకులకు పంపవచ్చు. దానికి ఒక సెమిస్టర్ చాలు.