తెర వేసిన వేళ

గత ఫాల్గుణ మాసములో, మా ఆలయమునకు నిత్యము వచ్చు ఒక యువకుడు తాను తీసిన ఛాయాచిత్రము నాకు చూపినాడు. ఎర్రకాళ్ళ కొంగ గూడు. అందులో నోళ్ళు తెరచిన మూడు పిల్లలు. "ఎంత అదృష్టము నాయనా!" అని మురిసితిని. అతడు ఉత్సాహముతో తక్కినది చెప్పినాడు. ఎదుటి డాబా ఎక్కి, అడ్డువచ్చిన రెమ్మలను కర్రతో విరిచినాడట. తల్లి ఎగిరిపోయి ముప్పావుగంట వరకు రాలేదట. "దేనినీ ముట్టలేదు స్వామీ, ఇందులో హింస ఏమున్నది?" అన్నాడు.

నా ప్రశంస నాకే ములుకువలె గ్రుచ్చుకొన్నది.

ఆ పక్షి ఎండవేళ రెక్కలు విప్పి పిల్లలపై గొడుగువలె నిలుచును. అది లేచిపోయినచో పిల్లలకు ఎండ, కాకులకు గ్రద్దలకు అదను. విరిచిన రెమ్మల నీడ కూడ పోయినది. ముట్టనంత మాత్రమున హింస కాలేదనుట ఎట్లు?

నైవేద్య సమయమున మేము తెర వేయుదుము. ఎంత దూరము నుండి వచ్చినవారైనను వేచియుందురు. తెర తొలగించుమని అడుగరు. గూడు ఆ పక్షికి గర్భాలయము. అచ్చట మనకు ఆ మర్యాద ఏల గుర్తురాదు?

గీతలో దైవీసంపదను పేర్కొనుచు భగవానుడు మొట్టమొదట చెప్పినది అభయము. సన్న్యాసి సర్వభూతములకు అభయమిచ్చియే ఇల్లు విడుచును. గృహస్థునకు అంతటి వ్రతము లేకపోవచ్చును. కాని కెమెరా పట్టినవాడు ఆ కొద్దిసేపైనను ఆ వ్రతములో ఉండవలెనని నా అభిప్రాయము. లేపాక్షి ప్రాంతమున వీరాపురములో ఈ కొంగలే ఊరి నడుమ చెట్లపై గూళ్ళు కట్టుచున్నవి. తమిళనాట వేట్టంగుడి పరిసర గ్రామములలో పక్షులు బెదరునని దీపావళికి బాణసంచా కాల్చరు. తరతరముల ఓర్పుతో లభించిన విశ్వాసమది. ఒక ఉదయము డాబా ఎక్కినవానికి అది దొరకదు.

కొందరు ఎర వేసి చేరదీయుదురు. ఆహారము పెట్టుట పుణ్యమే కదా అందురు. శ్రీశైలము ఘాట్ రోడ్డులో మన భక్తులే కోతులకు అరటిపండ్లు విసరి, వాటిని వాహనముల క్రిందికి రప్పించుట చూచుచున్నాము. (ఈ మాట చెప్పినందుకు నాపై కోపించినవారున్నారు.) చిత్రము కొరకు పెట్టు మేత వేటగాని నూకలకు బంధువు.

పక్షి మెడ నిక్కించి మనవైపే చూచుచున్నదా, ఈకలు సవరించుకొనుట ఆపినదా, అచ్చటనే ఆగి మెల్లగా వెనుకకు రావలెను. అది మరల తన పనిలో పడినచో, మన దూరము సరియైనదని గ్రహించవలెను.

చైత్రములో ఆ యువకుడు మరియొక చిత్రము తెచ్చినాడు. చెరువుగట్టు నుండి తీసినది. పక్షి చాల చిన్నదిగా ఉన్నది. మెడ వెనుకకు త్రిప్పి ఈకలు దువ్వుకొనుచున్నది. ఆ గూటిలోని ముగ్గురిలో ఎందరు మిగిలిరో నేను అడుగలేదు. అతడు చెప్పలేదు.