గిఫ్టెడ్ పిల్లలు ఎవరి పిల్లలు?

మస్కట్‌లో నలుగురు తెలుగువాళ్ళు ఒకచోట కలిస్తే, మాటలు క్రికెట్‌తో మొదలైనా, బంగారం ధరతో మొదలైనా, చివరికి పిల్లల చదువు దగ్గరికే వచ్చి ఆగుతాయి. ఆ మాటల్లో ‘గిఫ్టెడ్’ అనే పదం తరచుగా వినబడుతోంది. అమెరికాలో వున్న అన్నయ్యగారి అబ్బాయికి గిఫ్టెడ్ ప్రోగ్రాంలో సీటు వచ్చిందనీ, మనవాడు వాడికేమీ తీసిపోడనీ, అలాంటి అవకాశం లేకనే ఇక్కడ వెనకబడిపోతున్నాడనీ తల్లిదండ్రుల ఆవేదన. ఇందులో నిజమెంత, భ్రమ ఎంత అన్నది పండుగ పూటైనా కాస్త ఆలోచించదగిన విషయమే.

అమెరికాలో ప్రభుత్వ బడులు స్కూల్ డిస్ట్రిక్టుల అధీనంలో నడుస్తాయి. తరగతిలో మిగతావారికంటే ముందున్న పిల్లలను గుర్తించి, వారికి వేరే పాఠాలో, వేరే తరగతో ఏర్పాటు చేయడమే ఈ ప్రోగ్రాం. 1988లో అక్కడ వచ్చిన జావిట్స్ చట్టం, పేద కుటుంబాల్లోనూ, ఇంగ్లీషు సరిగా రాని ఇళ్ళలోనూ మరుగున పడివున్న తెలివైన పిల్లలపై ప్రత్యేక శ్రద్ధ పెట్టాలన్నది. ఆశయం గొప్పదే. ఆచరణలో ఏమైంది? న్యూయార్క్ నగరంలో చాలా ఏళ్ళు నాలుగేళ్ళ పసివాళ్ళకు ఇందుకోసం పరీక్ష పెట్టారు. అ ఆలు దిద్దే వయసులో ట్యూషన్లు మొదలయ్యాయి. డబ్బున్నవారు కోచింగ్ ఇప్పించుకున్నారు, లేనివారికి పరీక్ష వుందన్న సంగతే తెలియలేదు. విమర్శలు పెరిగి 2021లో ఆ పరీక్ష ఆగిపోయింది.

వృత్తిరీత్యా డాక్టర్ని కాబట్టి నాకు దీన్ని వైద్య పరిభాషలో చెప్పాలనిపిస్తుంది. జబ్బు పడ్డవాడు ఆసుపత్రికి వస్తే పరీక్ష చేయడం ఒక పద్ధతి. పుట్టిన ప్రతి బిడ్డకూ పరీక్ష చేయడం రెండో పద్ధతి. దాన్నే స్క్రీనింగ్ అంటాం. మొదటి పద్ధతిలో గడప దాటి రాగలిగినవాడే కనబడతాడు. ఫ్లోరిడాలోని బ్రోవార్డ్ కౌంటీ స్కూల్ డిస్ట్రిక్టు 2005లో రెండో పద్ధతిని ఎంచుకుంది. టీచరు సిఫారసు కోసమో, తల్లిదండ్రుల దరఖాస్తు కోసమో ఎదురుచూడకుండా, రెండో తరగతి పిల్లలందరికీ ఒక చిన్న పరీక్ష పెట్టింది. అంతవరకూ ఎవరి కంటా పడని పేద పిల్లలు, నల్లజాతి పిల్లలు, హిస్పానిక్ పిల్లలు ఎందరో బయటపడ్డారు. డేవిడ్ కార్డ్, లారా జూలియానో అనే ఆర్థికవేత్తలు 2016లో ఈ ఫలితాలను ప్రచురించారు. ఆ పిల్లల తెలివి రాత్రికి రాత్రి పెరిగింది కాదు. వెతికే చూపు మారింది, అంతే.

పైగా పరీక్ష అనే కొలబద్ద కూడా అంత నమ్మదగినది కాదు. స్టాన్‌ఫర్డ్‌లో లూయిస్ టెర్మన్ 1921లో మొదలుపెట్టి, ఐక్యూ ఎక్కువగా వున్న పిల్లలను సుమారు 1,500 మందిని ఏరి, జీవితాంతం వారిని గమనించే పని పెట్టుకున్నారు. వారిలో ఎవరికీ నోబెల్ బహుమతి రాలేదు. పరీక్షించి, మార్కులు చాలవని పక్కన పెట్టిన ఇద్దరు అబ్బాయిలకు మాత్రం వచ్చింది. 1956లో విలియం షాక్లీకి, 1968లో లూయిస్ అల్వారెజ్‌కి. అంత దూరం పోనక్కరలేదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. ఆయన కృషితో వచ్చిన మెథోట్రెక్సేట్‌ను ప్రపంచమంతటా డాక్టర్లు నేటికీ రాస్తున్నారు. పదిహేనేళ్ళ వయసులో ఆయనకు ఎంట్రన్స్ పరీక్ష పెట్టి వుంటే ఏ జాబితాలో పేరు వచ్చేదో వూహించుకోండి!

ఇక మన సొంత అనుభవానికి వద్దాం. ఈ విషయంలో తెలుగువారు ఎవరి దగ్గరా పాఠాలు నేర్చుకోవలసిన పని లేదు. 1971 నవంబర్ 23న నల్గొండ జిల్లా సర్వేలులో, అప్పటి ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావుగారి చొరవతో గురుకుల పాఠశాల మొదలైంది. ఆ మరుసటి ఏడాది గుంటూరు జిల్లా తాడికొండలో, అనంతపురం జిల్లా కొడిగెనహళ్ళిలో అలాంటివే వెలిశాయి. వాటి వుద్దేశం ఒక్కటే. పల్లెల్లో చదువుకునే వసతి లేని చురుకైన పిల్లలను ఏరి తెచ్చి, తిండీ, బట్టా, పుస్తకం, మంచి ఉపాధ్యాయుణ్ణీ ఒకేచోట ఇవ్వడం. పి.వి.గారు కేంద్రంలో విద్యను చూసే మానవ వనరుల మంత్రిగా వుండగా నవోదయ విద్యాలయాలు వచ్చాయి. వాటిలో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ విద్యార్థులకు, మూడింట ఒక వంతు ఆడపిల్లలకు కేటాయించారు. పరీక్ష మాతృభాషలోనే రాసుకోవచ్చు. ఇది కూడా గిఫ్టెడ్ ప్రోగ్రామే. కాకపోతే ఎక్కి వున్నవాడికి ఇంకో మెట్టు వేయడం కాదు, మెట్లే లేనివాడికి నిచ్చెన వేయడం.

మనం బ్రతుకుతున్న ఈ దేశపు చరిత్ర కూడా ఆ కాలంలోనే మలుపు తిరగడం విశేషం. 1970లో ఒమాన్ మొత్తానికి మూడే బడులు, 909 మంది విద్యార్థులు, అందరూ మగపిల్లలే. అక్కడినుంచి పల్లెపల్లెకూ, ఆడపిల్లలకూ బడిని తీసుకెళ్ళారు. 1986కల్లా సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయం తలుపులు తెరిచింది. సర్వేలు దారి వేరు, ఒమాన్ దారి వేరు. అయినా రెండు చోట్లా వేసుకున్న ప్రశ్న ఒక్కటే: చదువు ఇంకా ఏ బిడ్డకు అందలేదు?

గురుకులాల్లో లోపాలు లేవని కాదు. తెలివైన పిల్లలందరినీ ఏరి తీసుకుపోతే వూరి బడిలో మిగిలేదేమిటన్న ప్రశ్న అప్పుడూ వుంది, ఇప్పుడూ వుంది. నవోదయ పరీక్షకు కూడా కోచింగ్ సెంటర్లు పుట్టుకొచ్చి, తొమ్మిది పదేళ్ళ పిల్లలను బట్టీ పట్టిస్తున్నాయి. అయితే పరీక్ష ఒక్కటే దారి కాదని మన సాంఘిక సంక్షేమ గురుకులాలు చూపించాయి. నిజామాబాద్ జిల్లా గిరిజన కుటుంబానికి చెందిన మాలావత్ పూర్ణ తాడ్వాయి గురుకులంలో చదువుతూ, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఆమెలోని ఆ శక్తిని ఏ ప్రశ్నపత్రం పట్టుకోగలదు? కొండ ఎక్కే అవకాశం ఇచ్చారు కాబట్టి తెలిసింది.

“అయితే మా పిల్లాడికి తెలివి వుండటం నేరమా? నలభై మంది వున్న తరగతిలో వాడు విసుగెత్తిపోతే మీకేం?” అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. లెక్కల్లో ముందున్న పిల్లవాడికి ముందు లెక్కలే ఇవ్వాలి. కావాలంటే ఆ ఒక్క సబ్జెక్టులో పై తరగతి పాఠం చెప్పాలి, మంచి పుస్తకాలు చేతికివ్వాలి. అందులో తగ్గవలసిన పని లేదు. కాని అందుకు నుదుటి మీద ముద్ర వెయ్యనక్కరలేదు. ఎనిమిదేళ్ళకే ‘నువ్వు గిఫ్టెడ్’ అనిపించుకున్నవాడు తప్పు చేయడానికి భయపడతాడు. ‘నువ్వు కాదు’ అనిపించుకున్నవాడు ప్రయత్నమే మానుకుంటాడు. రెండూ నష్టమే.

మన పిల్లల సంగతి చూడండి. ఇంటినిండా పుస్తకాలు, చేతిలో ట్యాబ్లెట్, ఒలింపియాడ్లు, ఫౌండేషన్ కోర్సులు, ఆరో తరగతి నుంచే ఐఐటీ జపం. వీరికి తక్కువైంది అవకాశం కాదు, తీరిక. రుసైల్ ఫ్యాక్టరీల్లో, సోహార్ పోర్టులో, మస్కట్ ఇళ్ళలో పనిచేస్తున్న తెలుగువారి పిల్లలు ఎక్కడున్నారు? చాలామంది కోనసీమలో, కడపలో, జగిత్యాలలో అమ్మమ్మల దగ్గరా, నానమ్మల దగ్గరా పెరుగుతున్నారు. నెలనెలా డబ్బు వెళుతుంది, పాఠం అడిగి చెప్పించుకునే మనిషి మాత్రం పక్కన వుండడు. ఏ దేశమైనా గిఫ్టెడ్ ప్రోగ్రాం పెట్టవలసింది నిజంగా ఎవరికోసమో వారిలో వీరూ వున్నారు.

ప్రభుత్వాలను అడగడం తర్వాత సంగతి. మన సంఘం చేతిలో వున్న పనులే కొన్ని వున్నాయి. ఏటా పది, పన్నెండు తరగతుల్లో మంచి మార్కులు వచ్చినవారికి వేదిక మీద జ్ఞాపికలు ఇస్తున్నాం. మంచిదే. అదే వేదిక మీద, ఒమాన్‌లో కూలిపని చేసుకుంటున్న తెలుగువారి పిల్లల్లో, స్వదేశంలో సర్కారు బడుల్లోనో గురుకులాల్లోనో చదువుకుంటున్నవారికి కూడా ఏటా కొన్ని ఉపకార వేతనాలు ప్రకటిద్దాం. దరఖాస్తులు వస్తాయని కూర్చోకుండా, క్యాంపులకు మనమే వెళ్ళి, “మీ పిల్లలు ఏం చదువుతున్నారు?” అని అడిగి రాసుకుందాం. వారు మార్కుల కాగితాలు చూపించలేకపోతే, ఊళ్ళోని బడి టీచరుతో ఒకసారి ఫోనులో మాట్లాడదాం.

రెండోది, ఇక్కడ శుక్రవారం పూట రెండు గంటలు లెక్కలు, సైన్సు, తెలుగు కలిపి ఒక తరగతి నడుపుదాం. ఎంట్రన్స్ టెస్టు వద్దు, ర్యాంకు వద్దు. డాక్టరుగారి అబ్బాయీ, డ్రైవరుగారి అమ్మాయీ ఒకే బెంచీ మీద కూర్చోవాలి. చెప్పడానికి మనలో ఇంజనీర్లకు, వైద్యులకు, అకౌంటెంట్లకు కొదవా?

‘మట్టిలో మాణిక్యం’ అని గొప్పగా చెప్పుకుంటాం. మాణిక్యం తనంతట తాను పైకి రాదు, చేతికి మట్టి అంటినా సరేనని ఎవరో ఒకరు తవ్వాలి. ఆ పనికి ఈ ఏడాది మన సంఘం పూనుకోవాలని కోరుతూ, తెలుగు సోదర సోదరీమణులందరికీ, చిన్నారులకూ ఉగాది శుభాకాంక్షలు.