నలిగిన నోటు

మొన్న వానాకాలంలో మా అమలాపురం పిన్ని కొడుక్కి డెంగీ జ్వరం వచ్చింది. రాజమండ్రి తీసుకొచ్చేసరికి ప్లేట్‌లెట్లు 18,000కి దిగాయి. చిగుళ్ళనుంచి నెత్తురు కారుతోంది. ఒక్క మైక్రోలీటరు నెత్తురులో లక్షన్నరనుంచి నాలుగున్నర లక్షలదాకా ఉండవలసినవి అవి!

ఎక్కించాలన్నారు డాక్టరుగారు. నిల్వ లేదన్నారు రక్తనిధివారు. దాతకోసం తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశాం. పిన్ని వరండాలో బల్లమీద కూర్చుని, "ఏరా అబ్బాయ్, నెత్తురు నెలపైన దాస్తారటగా. ఇవీ ఫ్రిజ్‌లో పెట్టి దాచుకోవచ్చుగా?" అంది.

నాదగ్గర జవాబు లేదు. రాత్రికి దాత దొరికాడు, కుర్రాడు గట్టెక్కాడు. ఆ తరవాత డాక్టరుగారిని అడిగి, నాలుగు పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నాను.

ప్లేట్‌లెట్టు ఒంటినిండా చక్కెర గొలుసులుంటాయి. వాటి కొసన సయాలిక్ ఆమ్లమనే మరో చక్కెర మూతలా ఉంటుంది. 1936లో దీన్ని మొదట వేరుచేసింది పశువుల లాలాజల గ్రంథుల జిగురులోంచి. రోజులు గడిచేకొద్దీ ఆ మూత ఊడి, కింద ఉన్న గాలక్టోజు బయటపడుతుంది. అదే ముసలితనపు గుర్తు. కాలేయం ఆ గుర్తు పట్టి మింగేస్తుంది. గుర్తుపట్టే ఆ గ్రాహకానికి ఆష్‌వెల్, మోరెల్ అనే శాస్త్రజ్ఞుల పేర్లు పెట్టారు. ప్లేట్‌లెట్టు ఆయుర్దాయం 8నుంచి 10 రోజులే.

చిత్రమేమిటంటే, మింగిన కాలేయమే థ్రాంబోపొయిటిన్ అనే హార్మోను ఎక్కువగా తయారుచేసి, కొత్తవాటిని పుట్టించమని ఎముకల్లోని మజ్జకి కబురు పెడుతుంది. ఈ సంగతి 2015లో బయటపడింది. నలిగిన నోటుని బ్యాంకు పుచ్చుకుని, కొత్తది అచ్చువేయించినట్టన్నమాట! ఇలా రోజుకి సుమారు 10,000 కోట్ల ప్లేట్‌లెట్లు పుడుతుంటాయి.

మరి ఫ్రిజ్ మాట? చలికి ప్లేట్‌లెట్టుమీది గ్రాహకాలు గుంపుకడతాయి, చక్కెరల వాలకం మారుతుంది. నిల్వ పెరిగితే మూతలూ ఊడతాయి. రోగికి ఎక్కించగానే కాలేయం వాటిని నలిగిన నోట్లకింద జమకట్టి తీసేస్తుంది. 2003లో బోస్టన్ పరిశోధకులు బయటపడ్డ చక్కెరలమీద గాలక్టోజు కప్పిచూస్తే ఎలుకల్లో పనిచేసింది. మనుషుల్లో నిలవలేదని 2008లో తేలింది. అందుకే వాటిని 20–24 డిగ్రీల వెచ్చదనంలో, ఊపుతూ ఉంచుతారు. ఆ వెచ్చదనానికి సూక్ష్మజీవులూ పెరుగుతాయి గనక, సాధారణంగా 5 రోజులే గడువు.

డెంగీలోనూ ఈ మూతలు ఊడుతున్నాయని 2019లో ఒక పరిశోధన చూపింది. కారణం అదొక్కటే కాదు. బొప్పాయి ఆకు రసం పోసి ఇంట్లో కూర్చోబెట్టకండి. ఒళ్ళునొప్పులకని ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ వేయకండి, నెత్తురు కారడం ఎక్కువవుతుంది.

ఇదంతా పిన్నికి చెప్పాను. "అంటే ఆత్రేయపురం పూతరేక్కి తడి తగిలినట్టన్నమాట" అంది. ఊరుకోక, "దాచుకోడానికి వీల్లేనప్పుడు ఎప్పటికప్పుడు ఎవరో ఒకరు ఇవ్వాలిగా. నువ్వెప్పుడైనా ఇచ్చావురా?" అంది.

దీనికీ నాదగ్గర జవాబు లేదు. మర్నాడు రక్తనిధికి వెళ్ళి పేరు రాయించుకొచ్చాను.