కళ్ళం కాపలా కుక్కకు నీడ ఏది?

మిరప కళ్ళానికి రైతు ఏరికోరి నీడలేని నేలనే ఎంచుకుంటాడు. చెట్టు నీడ పడినచోట కాయ సమంగా ఎండదు. తేమ నిలిచిన కాయకు బూజు పడుతుంది, తాలుకాయ పెరుగుతుంది, గుంటూరు యార్డులో ధర పడిపోతుంది. కనుక ప్రొద్దుటి నుండి మాపటివరకు ఎండ తగిలే చోటనే పట్టాలు పరచి కాయను ఆరబోస్తారు. ఆ రాశి ప్రక్కన ఒక గుంజ, గుంజకు గొలుసు, గొలుసుకు ఒక కుక్క. రాత్రి దొంగల భయంతో కట్టిన ఆ కుక్కను పగటివేళ విప్పి నీడకు చేర్చాలన్న ఆలోచన చాలామందికి రాదు. కాయ ఎండటానికి ఎంచిన నేలమీదనే ఆ ప్రాణి కూడా ఎండుతున్నది.

కుటుంబ పత్రికలో, అందునా మన పత్రికలో, కుక్కల ప్రస్తావన ఏమిటని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. కుక్కను ముచ్చటకోసం ఇంట పెంచుకొనడాన్ని దైవప్రవక్త (స) ప్రోత్సహించలేదు. అలా పెంచేవాని పుణ్యఫలం దినదినమూ తరుగుతుందని హెచ్చరించారు. అయితే పంట కాపలాకు, పశువుల మందకు, వేటకు ఉంచుకొనే కుక్కలను ఆ హెచ్చరిక నుండి మినహాయించారు. గుంటూరు, పల్నాడు, ప్రకాశం మైదానాలలో మిరప, పత్తి పండించే మన సోదరుల వద్ద ఉన్నవి చాలావరకు ఈ మినహాయింపు క్రిందకు వచ్చే కుక్కలే. అనుమతి ఉన్నదన్న సంగతి అందరికీ గుర్తున్నది. అనుమతితోపాటు వచ్చే బాధ్యత మాత్రం అంతగా గుర్తున్నట్లు లేదు.

దాహంతో తడిమట్టిని నాకుతున్న కుక్కకు బావిలోనికి దిగి తన తోలు మేజోడుతో నీరు తెచ్చి త్రాగించిన బాటసారిని అల్లాహ్ క్షమించిన వృత్తాంతం సహీహ్ బుఖారీలో ఉన్నది. దానిని మన పిల్లలు కూడా చెప్పగలరు. పిల్లిని బంధించిన స్త్రీ వృత్తాంతాన్ని దాని ప్రక్కన పెట్టి చదవవలసి ఉన్నదని మేము భావిస్తున్నాము. ఆమె ఆ పిల్లికి ఆహారం పెట్టలేదు. అది తనంతట తాను వెదకి తినేందుకు విడిచిపెట్టనూ లేదు. ఆమె శిక్షకు పాత్రురాలైనది అందుకే. విడిగా తిరిగే కుక్క ఎండ ముదిరితే ఏ కాలువగట్టుకో, బండి క్రిందకో, పంపు దగ్గరి బురదలోనికో పోతుంది. గొలుసు వేసిన క్షణం నుండి ఆ వెదకులాట మన వంతు అవుతుంది.

పైగా ఈ ప్రాంతంలో వేసవి వచ్చేసరికి విడి కుక్కలకు కూడా దారులు మూసుకొనిపోతాయి. చివరి తీత అయిన తరువాత పత్తికట్టె పీకివేస్తారు. నల్లరేగడి చేను నోళ్ళు తెరచి, ఆకునీడ అన్నది లేకుండా మిగులుతుంది. సాగర్ కుడికాలువకు నీరు ఆపితే దర్శి, అద్దంకి వైపు పిల్లకాలువలు ఎండిపోతాయి. రెంటచింతల ఎండల పేరు రాష్ట్రమంతటా తెలిసినదే. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాలలో రెండు వేలకు పైగా మనుషులే మరణించారు.

మనిషికి ఒళ్ళంతా చెమట పట్టి చల్లబడుతుంది. కుక్కకు ఆ వీలు లేదు. దాని చెమట గ్రంథులు ముఖ్యంగా పాదాల అడుగున మాత్రమే ఉన్నాయి. నాలుక చాపి వేగంగా రొప్పడమే దాని చల్లదనపు సాధనం. రొప్పినకొద్దీ నోటి తడి ఆవిరై ఒంటి వేడిని తీసుకొనిపోతుంది. తడి ఆవిరి కావాలంటే ముందు కడుపులో నీరుండాలి. బాపట్ల, చీరాల వంటి తీరప్రాంతాలలో గాలిలోనే తేమ ఎక్కువ కనుక ఎంత రొప్పినా ఒళ్ళు త్వరగా చల్లారదు. ముక్కు చప్పిడిగా ఉండే పగ్ వంటి జాతుల అవస్థ మరీ దారుణం. వ్యాపార ప్రకటనలు చూసి వాటిని ఈ ఎండలలోనికి కొనితెచ్చుకొనడం వివేకమని మేము అనుకోము.

ఇరవై కిలోల కుక్కకు మామూలు రోజులలోనే సుమారు లీటరు నీరు కావాలి. వేసవిలో రెండింతలైనా అవసరపడవచ్చు. ఆ నీటికొక మట్టితొట్టిని ప్రత్యేకించి, నీడలో, గొలుసు అందేంత దూరంలో, బోర్లా పడకుండా సగం నేలలో పాతిపెట్టడం మేలు. కుక్క మూతి పెట్టిన పాత్రను ఏడుసార్లు, అందులో ఒకసారి మట్టితో, కడగాలన్న ఆదేశం ఎరిగిన ఇల్లాలికి ఈ ప్రత్యేక తొట్టి వలన మరొక సౌకర్యం కూడా ఉన్నది. ఖాళీ అయిన పురుగుమందు డబ్బాను కోసి నీళ్ళు పోసే అలవాటు మాత్రం తక్షణం మానుకోవాలి. ఎన్నిమార్లు కడిగినా ఆ ప్లాస్టిక్కుకు పట్టిన విషం పూర్తిగా వదలదు. మందు కలిపిన డ్రమ్ములను కూడా మూత లేకుండా వదలరాదు. దాహం వేసిన ప్రాణికి అందులోవీ నీళ్ళే.

గోమార్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వేడికి అవి విపరీతంగా పెరిగి, రక్తం పీల్చడమేకాక జ్వరాలను అంటిస్తాయి. వాటికి విరుగుడుగా పత్తికీ మిరపకూ కొట్టే మందునే కుక్క ఒంటికి పూసేవారున్నారు. కుక్క ఒళ్ళు నాకుకుంటుంది. చొంగ కారి, వణికి, గంటలలో ప్రాణం పోవచ్చు. పశువైద్యుడు ఇచ్చే గోమార్ల మందు వేరు, చేనిమందు వేరు.

ఆరోగ్యంగా ఉన్న కుక్క శరీర ఉష్ణోగ్రత ఇంచుమించు 101 నుండి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. 106కు చేరితే లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. ఆగని రొప్పు, జిగట చొంగ, ఎర్రగా కందిన చిగుళ్ళు, తూలే నడక, వాంతి కనిపిస్తే వడదెబ్బ అనుకోవాలి. వెంటనే నీడకు చేర్చి, పొట్టపై, తొడల సందులలో, ఒళ్ళంతా నీరు పోస్తూనే ఉండాలి. తుండుతోనో చేటతోనో విసరాలి. మంచుకోసం పరుగులు పెట్టనక్కరలేదు, చేతికందిన బావినీరు చాలును. తడి గోనెసంచి చుట్టి వదిలితే వేడి లోపలే నిలుస్తుంది. స్పృహ తప్పిన కుక్క నోటిలో నీరు పోయరాదు. జ్వరమనుకొని మన పారాసిటమాల్ మాత్ర వేయరాదు, అది కుక్కకు విషంతో సమానం. ఒళ్ళు కొంత చల్లారిన తరువాత పశువైద్యశాలకు తీసుకొనిపోవాలి. తేరుకున్నట్లు కనిపించినా చూపించవలసిందే. పశువుల సంచార అంబులెన్సుకు ఫోను సంఖ్య 1962.

తిండి ఎండ ఎక్కక మునుపు, ప్రొద్దు వాలిన తరువాత పెట్టడం మంచిది. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తానికి హాని చేస్తాయి. మిగిలిన బిర్యానీ మేలుచేసే దానం కాదు. బక్రీదు కూడా ఈ సంవత్సరాలలో ఎండలలోనే వస్తున్నది. 2024లో జూన్ 17, 2025లో జూన్ 7. ఆ రోజులలో కొవ్వు ముద్దలు, ఉడికిన ఎముకలు ఒక్కసారిగా కుక్క ముందు గుమ్మరిస్తే క్లోమం వాచి గాని, ఎముక చీలిక పేగులో గుచ్చుకొని గాని అది ప్రమాదంలో పడుతుంది. ఎండకు చిరాకుపడి ఉన్న కుక్క తినేవేళ చిన్నపిల్లలను దగ్గరకు పోనీయరాదు.

మే నెలలో మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఇస్తారు. అప్పటికి చాలా కళ్ళాలు ఖాళీ అవుతాయి. సరుకు అమ్ముడైనదో, శీతల గిడ్డంగికి చేరినదో, రైతు పట్టాలు చుట్టుకొని ఊళ్ళోకి వచ్చేస్తాడు. నాలుగు నెలలు రాశిని కాచిన కుక్కను కొందరు అక్కడే విడిచివస్తారు. కూలీలు వేసే ముద్ద లేదు, తొట్టిలో నీరు లేదు. రోహిణి కార్తె ఇంకా ముందున్నది. పట్టాలతోపాటు దానినీ బండి ఎక్కించుకొని రావాలి. ఇంటివద్ద ఉంచుకొనే వీలు లేకుంటే, గొర్రెల మంద ఉన్నవారికో, తోట ఉన్నవారికో, రేబిస్ టీకా వేయించి మరీ అప్పగించాలి.