కొండను తిన్నదెవరు?

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. ఈ సామెతకు సాక్ష్యం కావలసి వస్తే పర్యావరణం మీద ఉపన్యసించేవాళ్లు నేరుగా నౌరూ పేరెత్తుతారు. పసిఫిక్ మహాసముద్రంలో 21 చదరపు కిలోమీటర్ల ద్వీపదేశమది. ఫాస్ఫేట్ తవ్వి అమ్ముకున్నారు, విమానాలు కొన్నారు, మెల్‌బోర్న్‌లో 52 అంతస్తుల మేడ కట్టారు, ఖనిజం అడుగంటేసరికి దివాలా తీశారు. ముందుచూపు లేని జనం గతి ఇంతే, అని కథ ముగిస్తారు.

ఈ కథలో అబద్ధం తక్కువ, మోసం ఎక్కువ. మొదటి సగం చింపేసి రెండో సగం చదివి వినిపిస్తున్నారు.

మొదటి సగం సిడ్నీలో ఒక కంపెనీ ఆఫీసులో ఉంది. తలుపుకు అడ్డంపెట్టిన రాయి ఒకటి ఆల్బర్ట్ ఎల్లిస్ అనే ఉద్యోగి కంటబడింది. పరీక్షిస్తే మేలురకం ఫాస్ఫేట్. నౌరూ నుంచి వచ్చిన రాయి. కొన్నేళ్లకే ఓడలు కదిలాయి. నేల సొంతదారుడికి తొలిరోజుల్లో దక్కింది టన్నుకు అర పెన్నీ. 1919 ఒప్పందంలో బ్రిటన్, ఆస్ట్రేలియా చెరో 42 శాతం, న్యూజిలాండ్ 16 శాతం పంచుకున్నాయి. కూడి చూడండి, నౌరూవాళ్ల వంతుకు ఎంత మిగిలిందో! బయటి ధరకన్నా చవగ్గా ఆ ఎరువు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పొలాలకు చేరింది. నౌరూకు స్వాతంత్ర్యం 1968లో గానీ రాలేదు.

ఆ తర్వాత తవ్వింది వాళ్లే కదా అంటారు. అవును. పాడైన నేలలో సుమారు మూడింట రెండు వంతులు అప్పటిదే. అది దాచి వాదిస్తే నా వాదమే పుచ్చిపోతుంది. కానీ వాళ్ల చేతికొచ్చిందేమిటి? ఆరు దశాబ్దాలుగా రాయి తప్ప మరో బతుకుతెరువు పెరగని దీవి. ఖనిజం లాగేశాక పైకి తేలిన పగడపు రాతి మొనల మధ్య నాగలి దిగదు, ఇల్లు నిలవదు. ఇలా అయితే ఎలా బతుకుతామన్న ప్రశ్నకు 1960లలో ఆస్ట్రేలియా చూపిన దారి, క్వీన్స్‌లాండ్ తీరంలోని కర్టిస్ దీవికి తరలిపొమ్మని. తమ దేశం తమకు కావాలని వాళ్లు కదల్లేదు. ఊరు తినేసి వేరే ఊరు చూసుకోమనే పెద్దరికం అది.

సుస్థిరతకు మూడు కాళ్లంటారు కదా: ప్రకృతి, సంపద, సమాజం. నౌరూలో మూడూ ఒకే గునపానికి విరిగాయి. పండే నేల కరువయ్యాక డబ్బా తిండీ చక్కెరా ఓడల్లో దిగాయి. మధుమేహం ప్రపంచంలోకెల్లా ఎక్కువగా ఉన్న దేశాల్లో అదొకటైంది. దానికీ తిండిపోతుతనమనే పేరు పెట్టారు!

1993లో నౌరూ డబ్బుతో లండన్‌లో లియొనార్డో డావిన్సీ మీద ఒక సంగీత నాటకం వేశారు. కొద్ది వారాలకే మూతబడింది. నౌరూ మీద రాసేవాళ్లకు ఈ ముచ్చట కంఠతా వచ్చు, నవ్వుకోడానికి బాగుంటుంది మరి. పాడైన నేల కోసం 1989లో నౌరూ అంతర్జాతీయ న్యాయస్థానంలో వేసిన దావా సంగతి మాత్రం గుర్తురాదు. ఆ దావాను ఆస్ట్రేలియా కోర్టు బయట సర్దుబాటు చేసుకున్నదీ ఆ 1993లోనే. 10 కోట్ల 70 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. తప్పు మాత్రం ఒప్పుకోలేదు.