దశావతారాల్లో డార్విన్ లేడు

మత్స్యం నీటి జీవి. కూర్మం నీటిలోనూ నేల మీదా బతికేది. వరాహం పూర్తిగా నేల మీది జంతువు. నరసింహుడు సగం మృగం, సగం మనిషి. వామనుడు పొట్టి మనిషి, పరశురాముడు గొడ్డలి పట్టిన అడవి మనిషి, రాముడు నాగరికుడు. కాబట్టి డార్విన్ పంతొమ్మిదో శతాబ్దంలో చెప్పింది మనవాళ్లు వేల ఏళ్ల కిందటే చెప్పేశారు. ఈ మాట చెవిన పడని తెలుగువాళ్లు అరుదు. ప్రవచనంలో వస్తుంది, వాట్సాప్‌లో వస్తుంది, బడిలో సైన్సు మాస్టారి నోటా వస్తుంది. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన భారత సైన్స్ కాంగ్రెస్‌లో, అప్పటి ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతి డార్విన్ సిద్ధాంతం కన్నా దశావతారాలే మెరుగని చెప్పారు. మన గొప్ప మనం చెప్పుకుంటే పోయేదేముందని చాలామంది ఊరుకుంటారు. పోయేది చాలా ఉంది. ఈ పోలిక పురాణాన్ని తప్పుగా చదివిస్తోంది, సైన్సును తప్పుగా నేర్పుతోంది. పైగా మన కళ్లముందు, మన చేలల్లో, మన ఒంట్లో జరుగుతున్న పరిణామాన్ని చూడనివ్వడం లేదు.

ముందు పురాణం సంగతి. పోతన భాగవతం ప్రథమ స్కంధంలో విష్ణువు అవతారాల వరుస ఉంది. అందులో ఉన్నవి పది కాదు, ఇరవై పైచిలుకు. మొదట సనకాది కుమారులు. రెండోది వరాహం. మూడోవాడు నారదుడు. నరనారాయణులు, కపిలుడు, దత్తాత్రేయుడు, ఋషభుడు, పృథు చక్రవర్తి అందరూ వచ్చి వెళ్లాక పదో చోట మత్స్యం, పదకొండో చోట కూర్మం కనిపిస్తాయి. చేపకన్నా ముందు పంది, పందికన్నా ముందు మనిషి. ఇది జీవపరిణామ క్రమమే అయితే తలకిందులుగా ఉన్న క్రమం. పది అవతారాల పట్టికైనా అన్నిచోట్లా ఒక్కటి కాదు. కొన్నిట్లో బలరాముడు ఉంటాడు, కొన్నిట్లో బుద్ధుడు ఉంటాడు.

ఇందులో పురాణం తప్పేమీ లేదు. జీవులు ఏ వరుసలో పుట్టాయో చెప్పడానికి ఆ పట్టిక వేయలేదు. ప్రళయంలో సత్యవ్రతుణ్ణి ఒడ్డుకు చేర్చడానికి చేప కావాలి, మందర పర్వతాన్ని మోయడానికి తాబేలు కావాలి. మనిషి వల్లగానీ మృగం వల్లగానీ చావు లేకుండా హిరణ్యకశిపుడు వరం అడిగాడు గనుక ఆ వరాన్ని దాటే రూపం నరసింహుడిది. ఆ సగం రూపం రెండు జాతుల మధ్య దశ కాదు. కూర్మం మత్స్యానికి పుట్టలేదు, వరాహం కూర్మానికి పుట్టలేదు. ప్రతిసారీ దిగివచ్చింది ఆ విష్ణువే. అక్కడ సంతతి లేదు, వారసత్వం లేదు, తరం తరానికీ పేరుకునే మార్పు లేదు. పరశురాముడు ఒక దశ, రాముడు తర్వాతి దశ అంటే మరి సీతా కల్యాణం తర్వాత ఇద్దరూ దారిలో ఎదురెదురుగా ఎలా నిలబడ్డారు? అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది వామనుడి సంగతి. మూడడుగుల్లో ముల్లోకాలూ కొలిచిన త్రివిక్రముణ్ణి పొట్టి ఆదిమానవుడిగా కుదించి, దాన్నే భక్తి అనుకుంటున్నాం.

జీవశాస్త్రం వైపు నుంచి చూసినా లెక్క కుదరదు. తాబేలు ఉభయచరం కాదు, సరీసృపం. ఉభయచరాలంటే కప్పల కుటుంబం. తొలి ఉభయచరాలు తాబేళ్లకు పది కోట్ల ఏళ్లకు పైగా ముందే నేలమీదికి వచ్చాయి. పక్షులు, పురుగులు, చెట్లు ఈ వరుసలో అసలే లేవు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌కి వెళ్తే కోటాసారస్ అస్థిపంజరం చూడొచ్చు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లిలో దొరికిన ఎముకలు అవి. జియలాజికల్ సర్వే శాస్త్రవేత్త యాదగిరి 1988లో ఆ జంతువుకు ఊరి పేరు కలిపి శాస్త్రీయ నామం పెట్టారు. గోదావరి పరీవాహకంలో సుమారు 18 కోట్ల ఏళ్ల కిందట తిరిగిన ఆ పొడుగు మెడ రాక్షసబల్లిని ఏ అవతారం పక్కన నిలబెడతారు? మన మట్టిలోనే దొరికిన సాక్ష్యానికి చోటులేని సిద్ధాంతాన్ని మన సిద్ధాంతం అని ఎలా అంటాం?

ఇంతకీ ఈ పోలిక ప్రాచీనం కూడా కాదు. శ్రీధరస్వామి వంటి భాగవత వ్యాఖ్యాతలెవరూ అవతారాలను ఇలా చదవలేదు. అచ్చులో ఇది కనిపించే తొలి చోట్లలో ఒకటి, రష్యా సామ్రాజ్యంలో పుట్టిన హెలెనా బ్లావట్‌స్కీ 1877లో న్యూయార్క్‌లో వెలువరించిన 'ఐసిస్ అన్‌వీల్డ్'. అప్పటికి డార్విన్ పుస్తకం వచ్చి 18 ఏళ్లు. 1882లో కేశవచంద్ర సేన్ కలకత్తా ఉపన్యాసంలో ఇదే చెప్పారు. ఆ ఏడాదే, బ్లావట్‌స్కీ స్థాపకుల్లో ఒకరైన దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) కేంద్రం మద్రాసు అడయారుకు చేరింది. అక్కడినుంచి మన చదువుకున్న ఇళ్లలోకి ఈ మాట రావడానికి ఎంతోకాలం పట్టలేదు. మీది మూఢనమ్మకాల మతం అని తెల్లదొరలు ఎద్దేవా చేస్తున్న రోజుల్లో, మీ సైన్సు మా పురాణంలో ముందే ఉందని బదులివ్వాలని ఆనాటివాళ్లకు అనిపించడం నాకు అర్థమవుతుంది. ఆ అవసరం తీరి ముప్పావు శతాబ్దం దాటింది. ఇప్పటికీ మన పురాణం గొప్పదని చెప్పడానికి డార్విన్ సర్టిఫికెట్టు దేనికి?

అసలు కీడు ఇంకా లోతున ఉంది. దశావతారాల పోలిక పిల్లల బుర్రలో మెట్ల వరుసను నాటుతుంది. కింద చేప, పైన మనిషి, ఒక్కో మెట్టూ ఎక్కుతూ మెరుగవుతూ రావడం. డార్విన్ చెప్పింది దీనికి పూర్తిగా వేరు. 1859లో వచ్చిన ఆయన పుస్తకం మొత్తంలో ఉన్నది ఒకే ఒక్క బొమ్మ, కొమ్మలు చీలుతూ పోయే బొమ్మ. ఏ కొమ్మా ఇంకో కొమ్మకు గమ్యం కాదు. ఒక జాతిలో పుట్టే పిల్లల్లో కొద్దికొద్ది తేడాలు ఉంటాయి. ఆ తేడాల్లో కొన్ని వారసత్వంగా వస్తాయి. పుట్టినవన్నీ బతకవు. ఉన్న చోట, ఉన్న పరిస్థితిలో ఏ తేడా పనికొస్తే అది ఉన్నవాటి సంతానం పెరుగుతుంది. పరిస్థితి మారితే నిన్నటి వరం రేపటి శాపం కావచ్చు. ఇంత మామూలు యంత్రాంగం ఇది. ఇందులో ముందే గీసిన దారి లేదు.

మెట్ల వరుస నేర్చుకున్న పిల్లవాడు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: కోతి మనిషైతే కోతులు ఇంకా ఎందుకున్నాయి? 2018లో కేంద్ర సహాయమంత్రి ఒకరు, కోతి మనిషిగా మారడం ఎవరూ చూడలేదు, డార్విన్ సిద్ధాంతాన్ని పాఠాల్లోంచి తీసేయాలి అన్నారు. ఆయనదీ ఇదే తికమక. నేను మా పెదనాన్న కొడుక్కి పుట్టలేదు, మా ఇద్దరికీ తాత ఒకడే. చింపాంజీకీ మనకీ 60, 70 లక్షల ఏళ్ల కిందట ఉమ్మడి పూర్వీకులున్నారు. వాళ్ల దారి వాళ్లది, మన దారి మనది. కొమ్మ బొమ్మ చూసినవాడికి ఆ ప్రశ్నే పుట్టదు.

మెట్ల ఊహ మనుషుల మీదికి వచ్చినప్పుడు ఇంకా దారుణంగా ఉంటుంది. 1901 జనాభా లెక్కల కమిషనర్ హెర్బర్ట్ రిస్లీ ముక్కుల వెడల్పు కొలిపించి, ముక్కు వెడల్పయ్యేకొద్దీ కులం హోదా తగ్గుతుందని రాశాడు. కులాన్ని జీవశాస్త్రం కింద జమకట్టే ప్రయత్నం అది. కొమ్మలు చీలడం గురించి చెప్పిన సిద్ధాంతాన్ని పై మెట్టు, కింది మెట్టుగా మార్చుకుంటేనే అలాంటి రాతకు సైన్సు ముసుగు దొరుకుతుంది. వామనుడు, పరశురాముడు, రాముడు అని మనుషుల్లోనే దశలు లెక్కపెట్టి, అడవిలో ఉన్నవాణ్ణి వెనకబడిన దశ అన్నప్పుడు మనం ఏ దారిలో నడుస్తున్నామో చూసుకోవాలి.

ఇప్పుడు పత్తి చేలోకి వద్దాం. పరిణామం ఎప్పుడో యుగాల కింద ముగిసిన కథ కాదని చూపించడానికి ఇంతకన్నా దగ్గరి చోటు లేదు. పురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకునేలా బాక్టీరియా జన్యువు కలిపిన బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. రెండు విషపు జన్యువులున్న రకం 2006లో వచ్చింది. ఆ విషం శనగపచ్చ పురుగునూ గులాబీ రంగు పురుగునూ చంపాలి. లక్షల పురుగుల్లో ఏ ఒకటి రెండిటికో పుట్టుకతోనే ఆ విషం అంటుకోని తేడా ఉంటుంది. చేను నిండా బీటీ మొక్కలే ఉంటే మిగతావన్నీ చచ్చి అవే మిగులుతాయి. మిగిలినవాటికి జత దొరికేది మిగిలినవాటిలోనే. పిల్లలన్నీ విషాన్ని తట్టుకునేవే పుడతాయి. దీన్ని ఆపే ఉపాయం కూడా పరిణామ శాస్త్రమే చెప్పింది. చేను చుట్టూ కొన్ని సాళ్లు నాన్‌బీటీ వేయాలి. అక్కడ మామూలు పురుగులు వేలకు వేలు బతుకుతాయి. తట్టుకునే పురుగు వాటితో జతకడితే పుట్టే పిల్లలకు ఆ తేడా ఒక్క వైపు నుంచే వస్తుంది. ఒక్క వైపు నుంచి వస్తే చాలదు, బీటీ ఆకు తిని చస్తాయి. అందుకే 450 గ్రాముల బీటీ సంచితోపాటు 120 గ్రాముల నాన్‌బీటీ గింజల పొట్లం పెట్టి అమ్మారు.

ఆ పొట్లం ఏమైందో పత్తి పండించే ఏ ఊళ్లో అడిగినా చెబుతారు. చాలాచోట్ల గట్టు మీదే పోయింది. పురుగు తినే మొక్కల కోసం భూమి ఎందుకు వదలాలని రైతు అనుకున్నాడు. అలా అనుకోవడం రైతు తప్పు కాదు. ఎందుకు వేయాలో ఆయనకు చెప్పినవాడు లేడు. విత్తనం అమ్మినవాడికి పట్టలేదు, చెప్పాల్సిన అధికారుల్లో ఎందరికి అర్థమైందో అనుమానమే. 2010లో గుజరాత్‌లో మొదటి రకం బీటీని గులాబీ పురుగు తట్టుకుంటున్నట్టు బయటపడింది. 2017 నాటికి రెండు జన్యువుల రకాన్నీ తట్టుకునే పురుగు మహారాష్ట్రలో, మన చేలల్లో కనిపించింది. పువ్వు విచ్చుకోకుండా గుడ్డి పువ్వయి ముడుచుకుపోతుంది. కాయ బయటికి పచ్చగా, నిండుగా కనిపిస్తుంది. పిల్ల పురుగు దూరిన రంధ్రం కాయ పెరిగేకొద్దీ పూడిపోతుంది కాబట్టి పైకి ఆనవాలుండదు. చీల్చి చూస్తేనే లోపల గింజలు తినేసిన గుల్ల, రంగు మారిన పత్తి. అరిజోనా రైతులు బీటీ వచ్చిన కొత్తలోనే నాన్‌బీటీ సాళ్లు శ్రద్ధగా వేశారు, ఏళ్లతరబడి పురుగు లొంగే ఉంది. తర్వాత సంతానం కలగకుండా చేసిన పురుగుల్ని వదలడం వంటి పద్ధతులూ తోడై, 2018లో అమెరికా పత్తిలో గులాబీ పురుగు నిర్మూలన అయిందని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. ఆ బీటీయే, ఆ పురుగే. మన నష్టానికి దశావతారాల పోలికే కారణమని నేను అనడం లేదు. మా పుస్తకాల్లో ముందే ఉంది అని సరిపెట్టుకున్న సమాజానికి ఆ 120 గ్రాముల పొట్లం అర్థం ఎప్పటికీ తెలియదని అంటున్నాను.

ఒంటి సంగతీ ఇంతే. ఆపరేషన్‌కు ముందు ఊపిరి గొట్టం వేయడానికి కండరాలు సడలించే సక్సినైల్‌కోలిన్ ఇస్తారు. రక్తంలోని ఒక ఎంజైము దాన్ని నిమిషాల్లో విరగ్గొడుతుంది. ఆ ఎంజైము లోపించినవాళ్లకు గంటల తరబడి ఊపిరి మిషను మీదే. మన వైశ్య సమాజంలో ఈ లోపం మిగతావాళ్లకన్నా చాలా ఎక్కువ. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో లాల్జీ సింగ్, తంగరాజ్, హార్వర్డ్ పరిశోధకులతో కలిసి 2009లో 'నేచర్' పత్రికలో కారణం చూపారు. వేల ఏళ్ల కిందట కొద్దిమంది పూర్వీకులతో మొదలై, బయట పెళ్లిళ్లు లేకుండా సాగిన కులాల్లో, ఆ కొద్దిమందిలో యాదృచ్ఛికంగా ఉన్న జన్యు లోపాలు తరతరాలకూ పేరుకుంటాయి. ఇక్కడ ఎంపిక కూడా లేదు, వట్టి కాకతాళీయం. పరిణామమంటే ఎప్పుడూ మెరుగవడమే అన్న ఊహ ఇక్కడ పూర్తిగా కూలుతుంది. మత్తు డాక్టరు ఈ లోపం మీ ఇంట్లో ఎవరికైనా ఉందా అని ముందే అడిగితే ఒక ప్రాణం నిలుస్తుంది.

బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ అంతటివాడు కూడా అవతారాల పోలికను ప్రస్తావించాడు కదా అని అడ్డం వేస్తారు. 1957లో ఈ దేశం వచ్చి, ఇక్కడి పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసిన ఆ మహానుభావుడంటే నాకూ గౌరవమే. ఆయన జీవితకాలపు పని ఆ ప్రస్తావన కాదు. ఒక జన్యువుకు కాస్త లాభం ఉంటే ఎన్ని తరాల్లో జాతి అంతా పాకుతుందో లెక్కగట్టడం ఆయన పని. పత్తి పురుగు ఎన్నేళ్లలో ఎదురు తిరుగుతుందో చెప్పేది ఆ గణితమే.

డార్విన్‌ను ఒప్పుకుంటే దేవుణ్ణి వదులుకోవాలన్న భయం కూడా ఈ పోలిక వెనక ఉంది. ఆ భయానికి ఆధారం లేదు. ఆధునిక పరిణామ శాస్త్రాన్ని కట్టినవాళ్లలో డోబ్‌జాన్‌స్కీ ఆర్థడాక్స్ క్రైస్తవుడు, ఫిషర్ ఆంగ్లికన్. వాళ్లు బైబిల్లో జన్యువులు వెతకలేదు. నమ్మకాన్ని నమ్మకంగా ఉంచుకున్నారు, పురుగులను పురుగులుగా లెక్కపెట్టారు.

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో 'అనువంశికత, పరిణామం' పాఠం 'అనువంశికత'గా మిగిలింది. పద్దెనిమిది వందలమందికి పైగా శాస్త్రవేత్తలు, అధ్యాపకులు బహిరంగ లేఖ రాశారు. పన్నెండో తరగతి జీవశాస్త్రంలో ఉందిగా అని సమాధానం వచ్చింది. ఎంపీసీలో, సీఈసీలో చేరే పిల్లలు ఆ పుస్తకం తెరవరు. వాళ్లకు పరిణామం గురించి జీవితాంతం మిగిలేది ప్రవచనంలో విన్న మాటే. అందుకే ఆ పాఠం పదో తరగతిలోకి తిరిగి రావాలి. అందులో జిరాఫీ మెడ బదులు మన పత్తి చేను ఉండాలి. వరంగల్, గుంటూరు బడుల మాస్టార్లు నవంబరులో పక్క చేలోంచి ఒక పచ్చి కాయ తెచ్చి తరగతిలో చీల్చి చూపించాలి. ఈ పురుగు ముత్తాతల్లో ఎవరు చచ్చారు, ఎవరు బతికారు, ఎందుకు అని పిల్లల చేత రాయించాలి. పోతన మత్స్యావతార పద్యాలను తెలుగు పీరియడులో, తెలుగు మాస్టారు రాగం తీసి చదివించాలి.