అడిగే ముందు గది తలుపు మూయండి

ఆ మధ్య ప్రొద్దుటూరులో యిద్దరు మిత్రులతో నాకు వాదన జరిగింది. వొకరు యువ డాక్టరు. ఇంగ్లండు ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2017లో, పదహారేళ్లు నిండిన ప్రతి రోగినీ లైంగిక ధోరణి అడిగి నమోదు చేయాలని సూచించింది గదా, మనమూ చేయాలని ఆయన పట్టు. రెండో మిత్రుడు అధ్యాపకుడు. "అవి కుళ్లిన బూర్జువా సమాజపు వికారాలు, మన సీమకెందుకు?" అని తేల్చేశాడు. ఇద్దరితోనూ నాకు పేచీ వుంది.

మన సీమలో యీ ప్రశ్న లేదనడం అబద్ధం. జమ్మలమడుగులోనైనా పులివెందులలోనైనా డాక్టరు అడిగేదేమిటి? "పెళ్లయిందా? పిల్లలెంతమంది?" అదీ లైంగిక జీవితాన్ని గురించిన ప్రశ్నే. కాకపోతే దానికి వొక్క జవాబే వుంటుందని ముందే అనుకొని అడుగుతారు. నా పూర్వ విద్యార్థి వొకడు నిద్రపట్టక, తిండి సయించక వొక డాక్టరు దగ్గరికి పోయాడు. తల్లి యెదుటే యీ ప్రశ్న వచ్చింది. కాలేదన్నాడు. "చేసేయండమ్మా, అంతా సర్దుకుంటుంది" అన్నాడు డాక్టరు. చేశారు. ఇప్పుడు ఆ యింట్లో నిద్రలేనివాళ్లు యిద్దరు. రెండోది ఆ పిల్ల. ఆమెను యెవరూ యేమీ అడగలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగానురక్తిని 1990లోనే జబ్బుల పట్టికలోనుంచి తీసేసింది. వయసు వచ్చినవారి పరస్పర సమ్మతిని నేరంగా చూసిన 377వ సెక్షన్ను 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఆ మేరకు కొట్టివేసింది. ఈ ధోరణిని మార్చబూనే "చికిత్స" వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని 2022లో జాతీయ వైద్య కమిషన్ ప్రకటించింది. ఇంకా దీన్ని వికారమనే అభ్యుదయవాది, కులపెద్ద మాటనే ఎర్రసిరాతో రాస్తున్నాడు.

ఇక డాక్టరు మిత్రుడి వుద్దేశం మంచిదే. కాని మన ఓపీ యెట్లా వుంటుంది? బల్లచుట్టూ పదిమంది, పక్కన మేనమామ, వాకిట్లో చీటీలు పిలిచే అటెండరు. అక్కడ యీ ప్రశ్న వేస్తే రోగి అబద్ధమాడతాడు. నిజం చెబితే సాయంత్రానికి వూరికి తెలుస్తుంది. ఇంగ్లండులో జవాబు చెప్పకుండా వుండే హక్కు రోగికుంది. మన గుంపులో మౌనాన్ని కూడా జవాబుగానే తీసుకుంటారు.

పంటినొప్పికీ పాముకాటుకీ యీ ప్రశ్న అక్కర్లేదు. సుఖవ్యాధులకూ మనోవ్యాధులకూ అవసరం కావచ్చు. అక్కడైనా బంధువులను బయటికి పంపి, యెందుకడుగుతున్నారో చెప్పి, చెప్పకపోయినా వైద్యం ఆగదని మాటిచ్చి అడగాలి. లైంగిక ధోరణిని బట్టి వివక్ష కూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతూనే వుంది. చట్టం పుస్తకంలో వుంటే చాలదు, డాక్టరు చదువులోకి రావాలి.

డబ్బున్నవాడు ఏకాంతాన్ని నర్సింగ్ హోములో కొనుక్కుంటాడు. కూలివానికి అది ప్రభుత్వాసుపత్రిలోనే దొరకాలి. రిజిస్టరులో కొత్త గడికోసం కాదు, ఆ గదికోసం, ఆ తలుపుకోసం మనం పోరాడాలి. పెళ్లిని మందుగా చెప్పే డాక్టరున్నంతకాలం ముందుగా ప్రశ్నించవలసింది రోగిని కాదు.